తర్వాత వేసిన పూత

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ల పరిచయం. నెలకు రెండుసార్లయినా ఆయన బల్ల ముందు కూర్చునేవాణ్ని. నా ఫోను నంబరు ఆయన కిటికీ చెక్క మీద పెన్సిలుతో రాసి ఉంది. అయినా వాళ్లింట్లో ఎవరికీ నేను గుర్తు రాలేదు. చేపల బజారుకి వెళ్తూ జంక్షన్లో కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఈ మాట వాళ్ల పెద్దబ్బాయితో అనాలనుకున్నాను. అనలేదు. కానీ మరిచిపోను.

ఫ్లెక్సీ మీద బొమ్మ ఆయనలా లేదు. జుట్టు నల్లగా చేశారు. బుగ్గలు తెల్లగా చేశారు. ఎవరిదో నీలం కోటు తొడిగారు. మెడ దగ్గర అతుకు రోడ్డు అవతల నుంచి కూడా కనిపిస్తోంది. ఆ బొమ్మనే ఎవరైనా ఆయన చేతికిస్తే, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, అర నిమిషం చూసి, కళ్లు మాత్రం కంపెనీవి, మిగతాదంతా తర్వాత వేసింది అని పక్కన పెట్టేవారు.

ఆయన పనే అది. పాత తుపాకీ మీదున్న రంగు, మెరుపు అది తయారైన చోట వేసినవా, తర్వాత ఇంకెవరో వేయించినవా అని చూసి చెప్పడం. అదొక పని అని నాకూ అంతకుముందు తెలియదు. ఈ విజయనగరంలోనే పోలీసు ఆర్మరరుగా ముప్పై ఏళ్ల పైన చేశారు. అంటే ఆయుధాలు విప్పి, తుడిచి, బాగుచేసి, మళ్లీ బిగించే ఉద్యోగం. రిటైరయ్యాక లైసెన్సు ఉన్న ఒక మరమ్మతు దుకాణం వెనక గదిలో బల్ల వేసుకున్నారు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లకు రైఫిలు విప్పడం నేర్పినవారు గనక అందరికీ ఆయన మేస్టారు. నాకూ మేస్టారే.

మేస్టారికి వెలుతురు పట్టింపు. ఉత్తరపు కిటికీ దగ్గర, పొద్దున్న పది నుంచి పన్నెండు లోపల మాత్రమే చూసేవారు. ఆ గదిలో ట్యూబులైటు ఉంది, కానీ ఇనుమును చూసేటప్పుడు ఆర్పేసేవారు. ట్యూబులైటు కింద అన్నీ పెళ్లికూతుళ్లలాగే కనిపిస్తాయి అనేవారు. మబ్బు పడితే అంతే, ఎవరొచ్చినా వెనక్కే. నన్ను రెండుసార్లు పంపించేశారు. మొదటిసారి సరే, నిజంగానే వాన మబ్బు. రెండోసారి మాత్రం చేటంత మబ్బు ఒకటి అలా వచ్చి అలా పోయేదే. పది నిమిషాలు ఆగితే సరిపోయేది. ఆగనివ్వలేదు.

రెండో పట్టింపు గొట్టం మూతి. బల్ల పక్కన ఇసుక నింపిన నూనె డబ్బా ఒకటి ఉండేది. తుపాకీ ఖాళీదైనా సరే, దాని మూతి ఆ డబ్బా వైపే ఉండాలి. ఒకసారి ఒక పెద్ద అధికారి మాటల్లో పడి చేతిలో పిస్తోలు అటూ ఇటూ ఊపుతుంటే మేస్టారు హఠాత్తుగా మాయమయ్యారు. బల్ల కింద నుంచి మాట వినిపించింది. "సార్, దాన్ని డబ్బా వైపు తిప్పితే నాను పైకొస్తాను." ఆ అధికారి నవ్వాడు గానీ తిప్పాడు. తిప్పేదాకా మేస్టారు రాలేదు.

మూడోది చేతుల పట్టింపు. దీని గురించి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆయన దగ్గర బాగా నునుపు చేసిన ఉక్కు రేకు ముక్కలు పది పన్నెండు ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక ముక్క ఇచ్చి గుప్పిట్లో బిగించి పట్టుకోమనేవారు. తర్వాత దాన్ని కిటికీలో పెట్టి, కాగితం మీద పేరు రాసి, మర్నాడు చూసేవారు. కొందరి చెమటకు ఉక్కుకి ఏమీ కాదు. కొందరి వేళ్ల గుర్తులు ఎర్రగా లేస్తాయి. మర్నాడు నేను వెళ్లేసరికి నా ముక్క మీద నాలుగు వేళ్లూ అచ్చు గుద్దినట్టున్నాయి. దుకాణంలో ఇద్దరు ముగ్గురు ఉండగానే, "మీది తుప్పు సెయ్యి బాబూ" అన్నారు. అప్పటినుంచి నా సొంత రివాల్వరు ముట్టుకోవాలన్నా కుంకుడు నీళ్లతో చేతులు కడుక్కోవాల్సిందే. నన్నొక్కణ్నే అన్నారని కాదు. వాళ్ల పాస్టరు గారికీ అదే మాట చెప్పారట, చర్చి మెట్ల మీద, ప్రార్థన అయి అందరూ బయటికొస్తుంటే. పాస్టరు గారు నవ్వుకుని వెళ్లిపోయారట. నేను నవ్వలేదు.

ఆయన దగ్గరికి నేను వెళ్లడానికి కారణం మా నాన్న రివాల్వరు.

నాన్న సాలూరు అవతల ఏజెన్సీ నుంచి చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు కొని లారీల మీద దింపించే వ్యాపారం చేసేవారు. ఘాటు రోడ్డులో డబ్బుతో తిరగాలి గనక లైసెన్సు తీసుకుని ఒక పాత ఇంగ్లీషు రివాల్వరు కొన్నారు. మధ్యలోకి వంచి తెరిచి గుళ్లు పెట్టే రకం. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వెండి గిన్నెలా తెల్లగా మెరుస్తుంది. ఇది పుట్టుకే తెలుపు, ఈ జిల్లాలో ఇలాంటిది ఇంకోటి లేదు అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకి మారింది. నేను దాన్ని ఒక్కసారీ పేల్చలేదు. దసరాకి పూజలో పెట్టడం, లైసెన్సు రెన్యూవల్ చేయించుకోవడం, ఎన్నికలొస్తే స్టేషనులో అప్పగించడం, అంతే దానితో నా పని.

ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు ఉన్నవాళ్లు ఆయుధాలు స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఫలితాలు వచ్చాక వెనక్కి తెచ్చుకోవాలి. ఏడేళ్ల కిందట కూడా అలాగే ఇచ్చాను. తిరిగి తీసుకునేటప్పుడు గోనెసంచిలోంచి బయటికి తీసి చూస్తే గొట్టం మీద గోరంత మేర తెలుపు లేచిపోయి లోపల నల్లగా కనిపిస్తోంది. స్టేషనులో రాత పని చూసే హెడ్ కానిస్టేబులుకి చూపించి, ఇదేమిటండీ అన్నాను. ఆయన రిజిస్టరులోంచి తలెత్తకుండా అన్న మాట ఇది. "పాత సామాను బాబూ, ఊడదేటి? దీపావళి తుపాకీకి కూడా ఊడతాది." చుట్టూ ఉన్న ఐదారుగురు నవ్వారు.

దీపావళి తుపాకీ. మా నాన్న రివాల్వరుని.

నేను ఇంటికొచ్చి అర్జీ రాశాను. స్టోరు గదిలో తడి గోనెసంచిలో పెట్టడం వల్ల, నిర్లక్ష్యం వల్ల, అరుదైన ఆయుధం మీద కంపెనీ వేసిన పూత పాడైందని రాశాను. స్టేషను పై అధికారికి ఒకటి, ఆయన పైవారికి ఒకటి, సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే ఫిర్యాదుల రోజున ఒకటి ఇచ్చాను. నెల తిరక్కుండా విచారణ వేశారు. ఆ హెడ్ కానిస్టేబులు నాలుగు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషి. విచారణ తేలేదాకా ఆయన రిటైర్మెంటు కాగితాలు ఆపేశారని తెలిసింది. అప్పుడు నాకేమీ జాలి కలగలేదు. విచారణ అధికారి నన్నొక కాగితం తెమ్మన్నారు. ఆ పూత మొదటినుంచీ ఉన్నదేనని, తడి వల్లే పోయిందని తెలిసినవాళ్లెవరైనా రాసివ్వాలట. అలా మేస్టారి దగ్గరికి వెళ్లాను.

మూడోసారికి ఎండ కాసింది. ఆయన నా లైసెన్సు పుస్తకం చూసి, నా చేత చేతులు కడిగించి, రివాల్వరు తెరిచి ఖాళీ అని రెండుసార్లు చూసి, నన్నూ చూడమని, ఉతికిన తెల్ల గుడ్డ మీద పెట్టారు. పది నిమిషాల దాకా చేత్తో ముట్టుకోలేదు. రెండు వెదురు పుల్లలతో, బజ్జీ తిప్పినట్టు, ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పుతూ చూశారు. ఏదో కీర్తన రాగం ముక్కుతో సన్నగా తీస్తున్నారు. ఆ రాగం ఆగింది.

"తర్వాత వేసిన పూత బాబూ" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. లారీ బంపరుకి వేసినట్టు వేశారంటారా అని కొంచెం గట్టిగానే అడిగాను. ఆయనకి కోపం రాలేదు. బంపరు పూతలో నీలం జీర ఉంటుందని, దీన్లో పసుపు జీర ఉందని, ఇది నికెల్ పూతని, మంచి పనివాడే వేశాడని చెప్పారు. తర్వాత ఒక్కొక్కటీ చూపించారు. ఇలాంటి వాటికి కంపెనీలో తెల్ల పూత వేసినా ట్రిగ్గరు, వెనక కొట్టే హామరు మామూలుగా నల్లగానే వదిలేస్తారట, దీనికి అవి కూడా తెల్లగానే ఉన్నాయి. గొట్టం మీద చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు నాలుగు రోజులు వాడిన సబ్బు మీది అక్షరాల్లా ఉన్నాయి. పూత వేసే ముందు నునుపు కోసం రుద్దడం వల్ల వాటి అంచులు కరిగిపోయాయి. బిగించే మరమేకుల తలల మీది గాడుల్లోకి కూడా తెలుపు దిగింది.

"ఇది బ్యాండుమేళం బాకాలకి పూత వేసే సెయ్యి. అంచులన్నీ గుండ్రంగా తీసేసినాడు, పెదివికి గుచ్చుకోకుండా" అన్నారు.

నాకు తెలిసిన వాదనలన్నీ వినిపించాను. ట్రిగ్గరు ఎవరైనా మార్చి ఉండవచ్చు. అక్షరాలు తోలు సంచిలో రాసుకుని అరిగిపోవచ్చు. మరలు కొత్తవి కావచ్చు. ప్రతిదానికీ ఆయన అవ్వొచ్చు అన్నారు. నేను చెప్పడం అయ్యాక, "అన్నీ ఒకే రివాల్వరుకి, ఒకేసారి అవ్వొచ్చా?" అని అడిగారు. అడిగి, చిన్న మర తిప్పి, లోపల పక్కకి ఆనుకుని ఉండే వేలి గోరంత ముక్క బయటికి తీసి గుడ్డ మీద పెట్టారు. పూత వేసినవాడు దాన్ని విప్పడం మరిచిపోయినట్టున్నాడు. అది తెల్లగా లేదు. నెమలి మెడలా, నలుపులోంచి నీలం తేలుతూ ఉంది.

"దీని పుట్టుక రంగు ఇదీ" అన్నారు.

అంతటితో అయిపోయిందనుకుని నేను లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకున్నాను. ఆయన మాత్రం భూతద్దం తీశారు. తెలుపు లేచిపోయిన చోటు చూశారు. తర్వాత ఇంకో చోటు, ఇంకో చోటు. వేలితో గాలిలో ఏదో కొలుచుకున్నారు. తుప్పు ఎక్కడ పడితే అక్కడ వస్తుందని, ఇక్కడ మాత్రం ఎవరో కొలిచి పెట్టినట్టు ఐదు చోట్ల, వేలి కొస పట్టేంత గుంటలు ఉన్నాయని, పూత ఆ గుంటల్లోకి దిగి ఉంది గనక అవి పూత కంటే పాతవని చెప్పారు. ఇప్పుడు ఊడింది కూడా ఆ ఐదింటిలో ఒకదాని మీదే. లోపల మిగిలిన తుప్పు ఇన్నేళ్లూ మెల్లగా లేస్తూ వచ్చి పైనున్న పూతను తోసేసింది. గోనెసంచి కాదు, స్టోరు గది కాదు.

ఆ తర్వాత ఆయన వేసిన ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. మా ఇంట్లో ఆయుధ పూజ ఎవరు చేస్తారని అడిగారు. అమ్మ అన్నాను. అమ్మగారిని ఒకసారి చూడాలి అన్నారు.

రెండు రోజుల తర్వాత ఆయనే మా ఇంటికి వచ్చారు. పలాస జీడిపప్పు పొట్లం తెచ్చారు. అమ్మకి అప్పటికి ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ మాట తగ్గలేదు. పాత రివాల్వర్లు బాగుచేసే ఆయన అని నేను చెప్పగానే దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. దసరాల్లో పూజ ఎలా చేసేవారమ్మా అని ఆయన అడిగితే ఎంత సంతోషమో ఆవిడకి. ఆ మాట ఇంట్లో మేమెవరం ఎన్నడూ అడగలేదు.

"నానే సేసేదాన్ని బాబూ. తొమ్మిది రోజులూ దేవుడి దగ్గరే ఉండేది. పొద్దున్నే పసుపు, గంధం, కుంకం. ఐదు సోట్ల. పాత బొట్టు తుడిసేదాన్ని కాదు, తప్పు కదా, దాని మీదే పెట్టేదాన్ని. కొబ్బరి నీళ్లు సల్లి పువ్వులు కప్పేసేదాన్ని. దసరా అయిపోనాక కూడా బొట్టు తియ్యకండని ఈడి నాన్నకి సెప్పేదాన్ని. బొట్లతోనే సంచిలో పెట్టీసేవోరు."

మేస్టారు తల ఊపుతూ విన్నారు. అప్పుడది ఏ రంగులో ఉండేదమ్మా అన్నారు.

"నల్లగా ఉండేది. పొయ్యి మీద దాకలాగ. కొన్నేళ్లు సేసినాక ఒక యేడు ఈడి నాన్న సాలూరు పట్టుకెళ్లి తుడిపించి తెచ్చినారు. తెల్లగా వచ్చీసినాది. నీ పూజలకి మసంతా పోయి అసలు రంగు బయటపడ్డాదే అన్నారు."

నేను మేస్టారి వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు, నేల వంక చూస్తున్నారు.

నలుపే అసలు రంగు. అమ్మ తడిబొట్లకి దాన్ని ఐదు చోట్ల తుప్పు తినేసింది. నాన్న చూసి ఉంటారు. ఆవిడ మీద కోప్పడలేదు, మానెయ్యమని చెప్పలేదు. ఎవరో బాకాల పనివాడి చేత పూత వేయించి తెచ్చి, ఇది నీ పూజా ఫలం అని చెప్పారు. ఆ మాట నిలబడాలి గనక పుట్టుకే తెలుపని ఊరందరికీ చెప్పారు. నాకూ అదే చెప్పారు. అర్జీలో నేను రాసింది ఆ మాటే.

అమ్మ అప్పుడు అడిగింది. "బొట్టు పెడితే దానికేటైనా అవుతాదా బాబూ? మొన్న దసరాకి ఈడు పెట్టనివ్వనేదు. కేసులో ఉన్నాది, ముట్టకు అంటన్నాడు."

మేస్టారు అబద్ధం చెప్పగా నేను వినలేదు. తన కొడుకు కొన్న మోటారుసైకిలు టాంకుకి రెండోసారి రంగు వేశారని, అమ్మినవాడి ముందే చెప్పేసిన మనిషి. అందుకని నేను మాట మార్చబోయాను. ఆయన కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు.

"అమ్మా, మీరెట్టిన బొట్లు ఐదూ ఎట్టిన సోటే ఉన్నాయి. ఎవురూ సెరపలేకపోనారు. అద్దం పెట్టి నాను కళ్లారా సూసినాను."

అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, దేవుడికో ఆయనకో తెలియలేదు. తర్వాత కుంకుమ భరిణె చాచింది. ఆయనది చర్చి ఇల్లని ఆవిడకి తెలియదు. నేను చెప్పబోయేలోగా ఆయన వేలితో చిటికెడు తీసుకుని రుమాల్లో వేసి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. వీధిలోకి వచ్చాక, ఏమనుకోకండి అన్నాను. "ఇనుముకి మంచిది కాదు గానీ, మనిషికేటి నష్టం?" అన్నారు.

అమ్మ ఇంకో రెండేళ్లు బతికింది. ఆ నమ్మకంతోనే పోయింది.

మర్నాడు ఆయన నాకు కాగితం ఇచ్చారు. నాలుగు వాక్యాలు. గుండ్రటి చేతిరాత. పూత తయారీనాటిది కాదు, తర్వాత వేసినది. పూతకు ముందే ఐదు చోట్ల తుప్పు గుంటలు ఉన్నాయి. పూత లేచిన చోటు ఆ గుంటల్లో ఒకటి. కారణం పూతకు ముందు నాటి తేమ. ముందు అన్న మాట కింద గీత గీశారు. కుంకుమ అని గానీ పూజ అని గానీ ఎక్కడా లేదు. ఆ కాగితం ఎందరి చేతులు మారుతుందో, మా అమ్మ సంగతి వాళ్లందరికీ ఎందుకని ఆయన ఉద్దేశం. ఇది నాకు తర్వాత తట్టింది. అప్పుడు తట్టింది ఒక్కటే.

"ఈ కాగితం ఇస్తే నా అర్జీ నిలబడదు" అన్నాను.

"నిలబడదు" అన్నారు.

మరి మా నాన్నని అన్న మాట సంగతేమిటని అడిగాను. స్టేషనులో జరిగినదంతా, ఎవరు నవ్వారో, ఎవరు ముందు నవ్వారో, వరసగా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"బాబూ, మీ అర్జీ పూత మీదా, ఆ మాట మీదా?"

"రెండిటి మీదా."

"పూత సంగతి నాను రాసినాను. మాట సంగతి మీరూ ఆడూ మాటాడుకోవాలి. మాటకి మాట అడగండి, తప్పు నేదు. దానికి ఆడి రిటైర్మెంటు ఏటికి?"

నేను ఆ కాగితం నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. దాన్ని ఇవ్వకుండా ఇంకొకర్ని వెతుక్కోవచ్చు. అడిగినట్టు రాసిచ్చేవాళ్లు దొరుకుతారు, నాకు తెలుసు. కానీ అమ్మ ప్రతి పూటా ఆ పెద్దమనిషి ఎంత మంచివాడో చెబుతూనే ఉంది. నా బొట్లు ఐదూ ఉన్నాయట అని పక్కింటివాళ్లకి కూడా చెప్పింది. ఐదో రోజు వెళ్లి కాగితం ఇచ్చి, అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఎన్ని అర్జీలు రాశానో లెక్క లేదు గానీ, వెనక్కి తీసుకున్నది అదొక్కటే. ఆ వాక్యం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

వరండాలో ఆ హెడ్ కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. సంగతి ఆయనకి లోపల చెప్పేశారు. కృతజ్ఞతగా ఏదో ఒకటి అంటాడని నేను కొంచెం ఆగాను. ఆయనా నా వంక చూస్తూ ఆగాడు. ఇద్దరం అలా నిలబడి, ఏమీ మాట్లాడుకోకుండానే వచ్చేశాం. అది కూడా నేను మరిచిపోలేదు. మేస్టారితో చెప్పాను, అర్జీ వెనక్కి తీసుకున్నా మనిషికి ఒక్క మాట లేదని. "అర్జీ కాగితం కదా, మాట కాదు కదా" అన్నారు ఆయన. అంతే. ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా. ఆయన మరిచిపోయారనే అనుకున్నాను.

ఆ ఏడేళ్లూ నేను ఆయన బల్ల ముందు కూర్చున్నాను. వెళ్లడానికి ఏదో ఒక సాకు ఉండేది. దుకాణంవాళ్లు టీ తెస్తే మంచి కప్పు వేరేవాళ్లకిచ్చి నాకు పిడి విరిగిందే ఇచ్చేవారు. అడిగితే, మీరు అలవాటైన మనిషి కదా అనేవారు. నా అర్జీలు ఆయనకి చదివి వినిపించేవాణ్ని. వీధి దీపాల మీద, బస్సు ఆపని డ్రైవర్ల మీద, కొత్త విమానాశ్రయం పేరు చెప్పి భోగాపురం వైపు రోడ్డంతా తవ్వి వదిలేసినవాళ్ల మీద. పూర్తిగా విని, ఇందులో మూడో పేరా తర్వాత వేసిన పూత, తీసెయ్యండి అనేవారు. చూస్తే నిజంగానే ఆ పేరాలో నా కోపం తప్ప సంగతి ఉండేది కాదు. తీసేసేవాణ్ని. ఆయన తీయించినవాటికి జవాబులు వచ్చేవి. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

సమాధి తోట దగ్గరికి నేను వెళ్లేసరికి ప్రార్థన మొదలైంది. పోలీసులు చాలామంది వచ్చారు, రిటైరైనవాళ్లు, ఉద్యోగంలో ఉన్నవాళ్లు. ఆయన నేర్పిన శిష్యులు ముందు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ వెళ్లి గుప్పెడు మట్టి వేసి వస్తున్నారు. నేనూ వేశాను. వేసి పక్కకి తిరిగేసరికి నా వెనక వరసలో ఆ హెడ్ కానిస్టేబులు ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మోకాలు పట్టేసినట్టుంది, ఒక కాలు ఈడుస్తూ వచ్చి మట్టి వేశాడు. గోడ వారగా నేను నిలబడిన చోటికే వచ్చి నిలబడ్డాడు. ఇంకెక్కడా నీడ లేదు.

పాట అయింది. నేనే అన్నాను.

"ఆ పూత మీ వల్ల పోలేదండి. తప్పు నాది."

ఆయన మట్టి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"తెల్సు బాబూ. మేస్టారు అప్పుడే సెప్పినాడు."

"అప్పుడే చెప్తే మరి మీరు..."

"మీ నోటితో మీరే సెప్తారు, తొందరపెట్టకు అన్నాడు. ఎప్పుడు కనబడినా అడిగీవోణ్ని, మీవోడు ఇంకా రానేదేటి అని. వస్తాడు, ఆలస్యం అవుతాది గానీ వస్తాడు అనీవోడు." గోతి వైపు చూస్తూ అన్నాడు. "ఆ దీపావళి మాట నానూ అనకుండా ఉండాల్సింది. మీ నాన్నది అని నాకు తెల్దు."

ఏడేళ్ల పాటు నా గురించి ఇంకొక మనిషికి హామీ ఇస్తూ వచ్చారు. నా ముందే కూర్చుని, నా అర్జీలు వింటూ, ఆ సంగతి మాత్రం నాకు చెప్పలేదు. దీనికి ఆయన మీద నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెప్పుకునే మనిషి ఆయనే.

జనం పలచబడ్డారు. హెడ్ కానిస్టేబులు గేటు బయట తన స్కూటరు తీసి, కష్టపడి కాలు వేసి కూర్చుని, నా వైపు చూశాడు.

"ఏ వైపు ఎల్తారు? బస్సు కాంప్లెక్సు దాకా దింపుతాను రండి."

నా బండి ఆ గోడ పక్కనే ఉంది. ఆ మాట చెప్పకుండా ఆయన వెనక ఎక్కి కూర్చున్నాను.